సింగరేణి వేతన ఒప్పందాలు, కాంట్రాక్టు కార్మికులు

సింగరేణి వేతన ఒప్పందాలు అనగా సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ గనులలో పనిచేసే పర్మనెంటు కార్మికుల జీతభత్యాలను, పని నిబంధనలను నిర్ణయించే ఒడంబడికలు. సింగరేణి గనులు తెలంగాణలో గోదావరి లోయ వెంబడి రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి, భూపాలపల్లి, మణుగూరు, ఇల్లందు, కొత్తగూడెం ప్రాంతాలలో ఉన్నాయి. అదే గనులలో కాంట్రాక్టర్ల కింద పనిచేసే కార్మికులకు ఈ ఒప్పందాలు వర్తించవు. పర్మనెంటు కార్మికుల సంఖ్య తగ్గి కాంట్రాక్టు పనులు పెరిగిన కొద్దీ ఈ తేడా సింగరేణిలో ప్రధాన కార్మిక సమస్యగా మారింది.

నేపథ్యం

1871లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న ఇది సింగరేణి కాలరీస్ కంపెనీగా ఏర్పడింది. ఏటా ఆ రోజునే సింగరేణి దినోత్సవం జరుపుతారు. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలను కొనుగోలు చేసింది. ప్రస్తుతం సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వ వాటా ఎక్కువగా ఉన్నప్పటికీ వేతనాల విషయంలో సింగరేణి దేశవ్యాప్త బొగ్గు పరిశ్రమ ఒప్పందాలనే అనుసరిస్తుంది.

జాతీయ బొగ్గు వేతన ఒప్పందం

బొగ్గు గనుల జాతీయీకరణ కాలంలో, 1973లో, యాజమాన్యాలు, కేంద్ర కార్మిక సంఘాల ప్రతినిధులతో ఒక ఉమ్మడి ద్వైపాక్షిక సంఘం ఏర్పడింది. దీనిని జె.బి.సి.సి.ఐ. అని పిలుస్తారు. ఇందులో కుదిరిన మొదటి ఒప్పందం 1975 జనవరి 1 నుండి అమలయింది. మొదటి మూడు ఒప్పందాలు నాలుగేసి సంవత్సరాలకు కుదిరాయి. 1991 నాటి ఐదవ ఒప్పందం నుండి కాలపరిమితి ఐదు సంవత్సరాలు అయింది.

పదకొండవ ఒప్పందం 2021 జులై 1 నుండి వర్తించవలసి ఉండగా, దానిపై సంతకాలు 2023 మే 20న జరిగాయి. దీనిలో 19 శాతం కనీస గ్యారంటీ పెరుగుదల లభించింది. కోల్ ఇండియా, సింగరేణి సంస్థలలో కలిపి సుమారు 2.81 లక్షల మందికి ఇది వర్తించింది. పాత ఒప్పందం గడువు ముగిసిన తరువాత కొత్తది కుదరడానికి ఈ విధంగా ఆలస్యం కావడం పరిపాటి. ఆ మధ్యకాలపు వ్యత్యాసాన్ని బకాయిలుగా చెల్లిస్తారు.

పని నిబంధనలు

2025 నవంబరు వరకు గనులలో పనివేళలకు మూలం 1952 నాటి గనుల చట్టం. భూగర్భంలో రోజుకు ఎనిమిది గంటలు, ఉపరితలంలో తొమ్మిది గంటలు మించరాదని, వారానికొక విశ్రాంతి దినం ఉండాలని, అదనపు సమయానికి రెట్టింపు వేతనం ఇవ్వాలని అది నిర్దేశించింది. ఆ చట్టం కింద జీతంతో కూడిన వార్షిక సెలవుకు భూగర్భ కార్మికుడు ఏడాదికి 190 మస్టర్లు, ఇతరులు 240 మస్టర్లు నింపవలసి ఉండేది. గని భాషలో మస్టరు అనగా ఒక రోజు హాజరు.

ఈ నిబంధనలు కేవలం సౌకర్యానికి సంబంధించినవి కావు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోకి ఒక్కసారిగా నీరు చొచ్చుకురావడంతో 17 మంది కార్మికులు మరణించారు. గని కార్మికుల చర్చలలో రక్షణ విషయం వేతనంతో సమానంగా నిలవడానికి కారణం ఇటువంటి ప్రమాదాలే.

గుర్తింపు సంఘం ఎన్నికలు

1990 దశకం తొలినాళ్లలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. సంఘాలు అనేకం కావడంతో తరచుగా సమ్మెలు జరిగేవి. నష్టాల వలన సంస్థ 1992లోను, 1996లోను ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు వెళ్లింది. ఎవరితో చర్చించాలన్న ప్రశ్నకు పరిష్కారంగా 1998లో రహస్య ఓటింగు పద్ధతిలో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి. వీటిని కేంద్ర కార్మిక శాఖ నిర్వహిస్తుంది. మొత్తం సంస్థలో అధిక ఓట్లు పొందినది గుర్తింపు సంఘం. ఒక్కొక్క ఏరియాలో గెలిచినది ఆ ఏరియాకు ప్రాతినిధ్య సంఘం.

గుర్తింపు పొందిన సంఘాలు:
- 1998, 2001: ఏ.ఐ.టి.యు.సి.
- 2003: ఐ.ఎన్.టి.యు.సి.
- 2007: ఏ.ఐ.టి.యు.సి.
- 2012, 2017: తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం
- 2023: ఏ.ఐ.టి.యు.సి.

2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలలో ఓటర్ల సంఖ్య నలభై వేలకు లోపే. కాంట్రాక్టు కార్మికులకు ఈ ఎన్నికలలో ఓటు హక్కు లేదు.

వేతన స్థాయిలను జె.బి.సి.సి.ఐ. నిర్ణయిస్తుంది. లాభాల వాటా, క్వార్టర్లు, బదిలీలు, వైద్యం వంటి స్థానిక విషయాలను గుర్తింపు సంఘం యాజమాన్యంతో చర్చిస్తుంది. వారసత్వ ఉద్యోగాలు ఇటువంటి స్థానిక విషయాలలో ముఖ్యమైనవి. 2016లో ప్రకటించిన వారసత్వ పథకాన్ని 2017 మార్చిలో హైకోర్టు కొట్టివేసింది. దానిపై 2017 జూన్‌లో సమ్మె జరిగింది. తరువాత 2018 నుండి, మెడికల్ అన్‌ఫిట్ అయిన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలు మొదలయ్యాయి.

కాంట్రాక్టు పనుల విస్తరణ

భూగర్భ గనిలో తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు నింపే కోల్ ఫిల్లర్ల స్థానంలో యంత్రాలు వచ్చాయి. ఉత్పత్తిలో అధిక భాగం ఓపెన్‌కాస్ట్ గనులకు మారింది. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు పొరను చేరడానికి ముందు దానిపై ఉన్న మట్టిని, రాతిని తొలగించాలి. దీనిని ఓవర్ బర్డెన్ లేదా క్లుప్తంగా ఓ.బి. అంటారు. ఈ పనిలో పెద్ద భాగాన్ని టెండర్ల ద్వారా ప్రైవేటు కాంట్రాక్టర్లకు అప్పగిస్తున్నారు. బొగ్గు రవాణా, పారిశుధ్యం, సివిల్ పనులలోను కాంట్రాక్టు కార్మికులే ఎక్కువ.

దీనివలన ఖర్చు తగ్గుతుందని, భారీ యంత్రాలపై పెట్టుబడి భారం ఉండదని యాజమాన్య వాదన. నిరంతరం సాగే పనిని తాత్కాలిక పనిగా చూపి తక్కువ వేతనం ఇస్తున్నారని, పర్మనెంటు ఉద్యోగాలు అంతరిస్తున్నాయని సంఘాల ఆక్షేపణ.

1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద కేంద్రం 1975లో జారీచేసిన ప్రకటన, కొన్ని మినహాయింపులతో, బొగ్గు గనులలో ఓ.బి. తొలగింపు వంటి పనులకు కాంట్రాక్టు పద్ధతిని నిషేధించింది. అయితే నిషేధించిన పని చేసేవారు అసలు సంస్థ ఉద్యోగులవుతారా అన్న ప్రశ్న మిగిలింది. విమానయాన సంస్థ ఎయిర్ ఇండియా కార్యాలయాల కాంట్రాక్టు కార్మికుల కేసులో, వారిని సంస్థలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, నిషేధం ఉన్నంత మాత్రాన ఉద్యోగం తనంతట తాను రాదని నిర్ణయించింది.

కాంట్రాక్టు కార్మికుల ఆందోళనలు

కోల్ ఇండియా గనులలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు 2013 నుండి వర్తించాయి. ఆ వేతనాలను సింగరేణిలోను ఇవ్వాలన్నది ఇక్కడి కార్మికుల ప్రధాన కోరిక. ఇదే కోరికపై 2022 సెప్టెంబరు 9న మొదలైన సమ్మె రెండు వారాలకు పైగా సాగింది.

2020 జూన్ 2న రామగుండం ఓపెన్‌కాస్ట్-1 గనిలో జరిగిన పేలుడులో నలుగురు కాంట్రాక్టు కార్మికులు మరణించారు. ప్రమాదం పర్మనెంటు, కాంట్రాక్టు అనే తేడా చూపదు. పరిహారం, ఆశ్రితులకు ఉద్యోగం వంటి విషయాలలో మాత్రం తేడా ఉంటుంది.

2023-24 లాభాలలో వాటాగా పర్మనెంటు ఉద్యోగులకు 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. తలసరి సగటు సుమారు 1.90 లక్షల రూపాయలు. ఆ ఏడాదే మొదటిసారిగా సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా 5,000 రూపాయలు ప్రకటించారు. వీరినీ లాభాలలో భాగస్వాములుగా గుర్తించిన తొలి సందర్భం ఇదే. రెండు మొత్తాల మధ్య అంతరం ఒప్పందానికి లోపల, వెలుపల ఉన్నవారి స్థితిని తెలుపుతుంది.

కొత్త కార్మిక స్మృతులు

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. పైన పేర్కొన్న గనుల చట్టం, కాంట్రాక్టు కార్మికుల చట్టం వీటిలో విలీనమయ్యాయి. వీటి ప్రకారం సంస్థ ప్రధాన కార్యకలాపాలలో కాంట్రాక్టు పద్ధతి నిషిద్ధమే గాని మినహాయింపులు ఉన్నాయి. సమ్మెకు ముందు 14 రోజుల నోటీసు తప్పనిసరి. ఒకటికి మించి సంఘాలున్నచోట ఏ సంఘానికైనా 51 శాతం మద్దతు ఉంటే అది ఏకైక చర్చల సంఘమవుతుంది. లేనిచోట కనీసం 20 శాతం మద్దతు గల సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది.

ఇవి కూడా చూడండి

- సింగరేణి బొగ్గుగనులు
- గోదావరిఖని
- రామగుండం
- కార్మిక సంఘం