గేరు లేని సైకిలు కొనే ముందు: మన గనుల ఊరి సైకిలు కథ



బెంగళూరులో కొత్తగా పనిలో చేరిన మన పిల్లలు కొందరు ఈమధ్య ఒకే మాట అడుగుతున్నారు. పనికి పోయి రావడానికి ‘ఫిక్సీ’ కొనుక్కుంటే ఎలా ఉంటుంది, చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో ఏది తీసుకోవాలి అని. పెద్దవాళ్ళకు ఈ పేరే కొత్త కాబట్టి ముందు అది చెప్పుకుందాం. ఫిక్సీ అంటే వెనక చక్రానికి ఫ్రీవీల్ లేని సైకిలు. పళ్ళచక్రం హబ్బుకు బిగిసిపోయి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. పల్లంలో కాళ్ళు ఆపి హాయిగా కూర్చునేది ఉండదు. కాళ్ళతో వెనక్కి అదిమితే బండి నెమ్మదిస్తుంది.

‘ఇదేం కొత్త పిచ్చి’ అని మన పెద్దలు నవ్వారు. పిచ్చి అవునో కాదో గానీ, కొత్తది మాత్రం కాదు. సైకిలు పుట్టిందే ఇలా. పైగా అది పుట్టి పెరిగిన కాలమూ మన గనులు పుట్టి పెరిగిన కాలమూ ఒక్కటే.

రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండి, చైనుతో వెనక చక్రం తిరిగే ‘రోవర్’ సైకిలును ఇంగ్లాండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఇక్కడ చూస్తే, 1870లలో మైకేల్ లావెల్ అనే మాజీ సైనికుడు బంగారం వెదకడానికి మైసూరు సర్కారు అనుమతి తెచ్చుకున్నాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. 1894లో బౌరింగ్‌పేట నుంచి, అంటే ఇప్పటి మన బంగారపేట నుంచి, మారికుప్పం దాకా రైలు పడింది.

ఆ పదేళ్ళలో మన గనుల దగ్గర ఏ దొరైనా సైకిలు ఎక్కి ఉంటే అది ఫిక్సీయే అయి ఉండాలి, ఎందుకంటే అప్పటికి వేరే రకం లేదనే చెప్పాలి. బ్రేకు అంటే ముందు టైరును పైనుంచి అదిమే చెంచాలాంటి రేకు. పల్లం వస్తే ముందు ఫోర్కుకు ఉన్న చిన్న మెట్ల మీద కాళ్ళు ఎత్తి పెట్టుకునేవారు, కింద పెడళ్ళు వాటంతట అవే గిర్రున తిరిగేవి. ఊరిగాం, చాంపియన్ రీఫ్ పక్క మిట్టలూ పల్లాలూ తెలిసినవాళ్ళకు అదెంత గుండె ధైర్యమో వేరే చెప్పనక్కరలేదు.

1900కు అటూ ఇటూ ఫ్రీవీల్ అంగళ్ళలోకి వచ్చింది. లోపల చిన్న నాలుకలు, పళ్ళు ఉంటాయి. ముందుకు తొక్కితే పట్టుకుంటాయి, కాలు ఆపితే టిక్కుటిక్కుమని జారిపోతాయి. ఇంత చిన్న సామాను వచ్చాక మామూలు జనం ఫిక్సీని వదిలేశారు. ఎవరూ బలవంతపెట్టలేదు, ప్రచారం అక్కరలేకపోయింది, కాళ్ళకే తెలిసిపోయింది. పందేల ట్రాకుల మీద మాత్రం పాతది మిగిలింది. జపాన్‌లో 1948లో మొదలైన కెయిరిన్ పందేల్లో నేటికీ బ్రేకుల్లేని ఫిక్సీలే పరుగెడతాయి. దాన్ని మళ్ళీ ఊరి రోడ్డు మీదికి తెచ్చింది న్యూయార్కులో ఉత్తరాలు, కాగితాలు చేరవేసే కొరియర్ కుర్రాళ్ళు. వాళ్ళ లెక్క సులభం: సామాను తక్కువ, చెడేది తక్కువ, బాగుచేసే ఖర్చు తక్కువ. కూలివాడి లెక్కగా మొదలైంది తర్వాత షోకు అయింది, షోకు అయ్యాక ధర పెరిగింది. మన పిల్లలు ఫోన్లలో చూస్తున్నది ఆ షోకునే.

ఇక మన గనుల్లో సైకిలు సంగతి. 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడ ముప్పై వేల మందికి పైగా పనిచేసేవారు. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం పక్కల నుంచి వచ్చిన తెలుగు, తమిళ కుటుంబాలే ఎక్కువ. కంపెనీ వాళ్ళను లైన్లలో పెట్టింది. లైను ఇల్లు షాఫ్టుకు దగ్గర. కూత వినబడితే నడిచే పోయేవారు. గని మనిషి రోజూ చేసే దూరప్రయాణం నేల మీద కాదు, నేల లోపలికి. చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లకు పైమాటే. కాబట్టి సైకిలు నిజంగా కావలసింది పల్లెల నుంచి రాబర్ట్‌సన్‌పేటకు పాలు, కూరగాయలు తెచ్చేవాళ్ళకు, పోస్టుమాన్‌కు, గుమాస్తాకు. లైన్లవాడికి సైకిలు అవసరం కంటే ఆశ అనే మా అభిప్రాయం. పెళ్ళిలో సైకిలు అడిగేవాళ్ళంటే ఊరికే కాదు కదా!

స్వాతంత్ర్యం దాకా రాలీ, బీఎస్ఏ, హెర్క్యులిస్, ఫిలిప్స్ లాంటి సీమ సరుకుదే రాజ్యం. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ పుట్టింది, అంబత్తూరులో హెర్క్యులిస్ తయారుచేసింది. ఉత్తరాన 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో. అప్పటి నుంచి సైకిలు మన చేతికి అందింది. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనక గట్టి క్యారియర్. క్యారియర్ మీద మూట ఉండేది, లేకుంటే ముందు బారు మీద బిడ్డ ఉండేది. ఒకటి గమనించండి: దానికీ గేరు ఒక్కటే. గేర్లు మార్చేది లేదు, కానీ ఫ్రీవీల్ ఉంది. ఇప్పుడు ‘సింగిల్ స్పీడ్’ అని కొత్త పేరుతో అమ్ముతున్నది దీని మనవడినే.

గని ఉన్నంతకాలం నడిచి పోయే పని, 2001 ఫిబ్రవరి 28తో ముగిసింది. లైను ఇంటికీ షాఫ్టుకూ మధ్య ఉన్న కొద్దిపాటి దూరం వంద కిలోమీటర్లయింది. తెల్లవారకముందే మారికుప్పం, చాంపియన్, ఊరిగాం, కోరమాండల్ స్టేషన్లలో రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక తిరిగొచ్చే బ్రతుకు ఎంతమందిదో మనకు లెక్క చెప్పనక్కరలేదు, మన ఇళ్ళలోనే ఉన్నారు. అలా తిరగలేక వైట్‌ఫీల్డ్, కృష్ణరాజపురం పక్కల గది తీసుకున్న పిల్లలు కొందరు. కాంట్రాక్టు పని, చిన్న జీతం. మొదటి జీతానికే మోటారు బండి కంతు కట్టుకున్నవాళ్ళను చూస్తున్నాం. పని పోతే కంతు ఆగదు. అందుకే ఈ సైకిలు ప్రశ్నను మేము షోకని తీసిపారేయడం లేదు.

మా మాట సూటిగా చెబుతాం. మొదటి సైకిలుగా అచ్చమైన ఫిక్సీ వద్దు. గేరు ఒక్కటే ఉండి, ఫ్రీవీల్ ఉండి, ముందూ వెనకా రెండు బ్రేకులూ ఉన్నది కొనండి. కొన్నిటికి వెనక హబ్బు రెండు పక్కలా మరలు ఉంటాయి, ఒక పక్క ఫ్రీవీలు, ఇంకో పక్క బిగింపు చక్రం. చక్రం తిప్పి పెట్టుకుంటే చాలు. అలాంటిది ధరలో దొరికితే సరే, ఆర్నెల్లు ఫ్రీవీల్‌తో పోయి, రోడ్డు అలవాటయ్యాక సెలవు రోజున ఖాళీ మైదానంలో రెండో పక్క చూసుకోవచ్చు. అప్పుడు కూడా బ్రేకులు పీకేయకండి.

లెక్క ఎందుకో చూడండి. ముందు చక్రానికి 42 పళ్ళు, వెనక 16 ఉంటే, పెడలు ఒక్కసారి తిరిగితే సైకిలు సుమారు అయిదున్నర మీటర్లు పోతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 45 చుట్లు, అది హాయి. ఫ్లైఓవరు దిగేటప్పుడు 40 కిలోమీటర్లు అందుకుంటే కాళ్ళు నిమిషానికి 120 సార్లు తిరగాలి. ఫిక్సీలో ఆ వేగాన కాళ్ళు ఆపబోతే పెడలే మనిషిని ఎత్తి పడేస్తుంది. పక్కన టెంపో ఉంటే ఏమవుతుందో చెప్పొద్దు.

డబ్బు తక్కువని చేసే పని ఒకటుంది, దానికి మాత్రం గట్టిగా అడ్డు చెబుతాం. పాత సైకిలు ఫ్రీవీలును వెల్డింగ్ చేయించి, లేదా ఫ్రీవీలు విప్పి ఆ మరల మీదే బిగింపు చక్రం ఎక్కించి ఫిక్సీ చేసేది. అసలైన ఫిక్సీ హబ్బులో ఆ చక్రం పైన ఎడమ మరతో ఇంకో రింగు పడుతుంది, కాళ్ళు వెనక్కి అదిమినా ఊడకుండా పట్టుకునేది అదే. మామూలు హబ్బుకు ఆ రింగు చోటే ఉండదు. ఆపుదామని అదిమినప్పుడే ఊడుతుంది, అంటే అవసరమైన క్షణంలోనే.

ఇంట్లో తాతల కాలం సైకిలు మూలన ఉంటే కొత్తది కొనే ముందు దాన్ని చూడండి. వెనక చక్రం కూర్చునే చీలిక అడ్డంగా, వెనక్కి తెరుచుకొని ఉంటుంది. చక్రం లాగి చైను బిగించుకోవచ్చు. ఒక్క గేరు సైకిలుకు కావలసింది అదే. ఫ్రేము చీలలేదా, ఫోర్కు వంగలేదా చూసి, టైర్లు, చైను, బ్రేకు రబ్బర్లు, హబ్బులో గోళీలు మార్పిస్తే అది తిరిగి రోడ్డెక్కుతుంది. కడ్డీ బ్రేకులు వానలో నమ్మదగినవి కావు, అది మాత్రం గుర్తుంచుకోండి. ఫ్రేములు 22, 24 అంగుళాలవి ఉంటాయి. బారు మీదుగా నిలబడితే రెండు పాదాలూ నేలకు ఆనాలి.

కొత్తది కొనేవాళ్ళు 10,000 రూపాయలు పెట్టుకున్నారనుకోండి, సైకిలుకు 7,000 దాటనివ్వకండి. మంచి తాళం, ముందు వెనక లైట్లు, హెల్మెట్, మడ్గార్డులు, పంపు మిగతాదాంట్లో రావాలి. మడ్గార్డులు లేకుండా ఫోటోకు బాగుంటుంది, వానకు వీపంతా బురద. సన్నటి టైర్ల మోజు పడకండి, బెంగళూరు గుంతలు మీకు తెలిసినవే. సెకండ్ హ్యాండ్ అయితే బిల్లు అడగండి, బిల్లు లేని సైకిలు ఎంత చవకైనా వద్దు.

వచ్చే ఆదివారం పొద్దున సంఘం ఆఫీసు దగ్గర ఉంటాం. పాత సైకిలు ఉన్నవాళ్ళు తోసుకొని రండి. పళ్ళు లెక్కపెట్టి, హబ్బు విప్పి చూసి, అది రోడ్డుకు పనికొస్తుందో లేదో అక్కడే చెప్తాం. మన పక్క సైకిలు అంగడి నడిపిన పెద్దాయన కూడా వస్తానన్నారు, స్పానర్లు ఆయనవే.