ఎండకో స్పార్క్ ప్లగ్.. చలికో స్పార్క్ ప్లగ్ కావాలా? కొత్తవి కొనే ముందు ఇవి చూసుకోండి

పొద్దున్నే కారు స్టార్ట్ కాక సతాయిస్తోందా..? ఘాట్ ఎక్కుతుంటే పికప్ అందక ఇంజిన్ వణుకుతోందా..? పెట్రోల్ కారైతే ముందుగా చూడాల్సిన వాటిలో స్పార్క్ ప్లగ్ ఒకటి. చూడ్డానికి వేలెడంతే ఉంటుంది. కానీ తప్పు నంబర్ ప్లగ్ బిగిస్తే ఇంజిన్‌కే ఎసరు పెడుతుంది. మరి కొత్తవి ఎలా ఎంచుకోవాలి? ఆదిలాబాద్ చలికి, కరీంనగర్ ఎండకు వేర్వేరు ప్లగ్‌లు వేయాలా?

ఒక్క మాట ముందే.. డీజిల్ బండ్లకు స్పార్క్ ప్లగ్ ఉండదు. వాటిలో ఉండేది గ్లో ప్లగ్. అది వేరు, ఇది వేరు.

అరిగితే ఏమవుతుంది?

సిలిండర్‌లోని గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని అంటించే నిప్పురవ్వ ఈ ప్లగ్ నుంచే వస్తుంది. దాని చివర రెండు ఎలక్ట్రోడ్ల మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. దాన్నే గ్యాప్ అంటారు. చాలా కార్లలో ఇది 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. వాడేకొద్దీ ఎలక్ట్రోడ్ అరిగి గ్యాప్ పెరుగుతుంది. అప్పుడు రవ్వ పుట్టాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ భారం ఇగ్నిషన్ కాయిల్‌పై పడుతుంది.

రవ్వ తప్పితే మిస్‌ఫైర్ అవుతుంది. మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి, మధ్యలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ప్లగ్‌తో పోయేది కాస్తా పెద్ద బిల్లు అవుతుంది. అందుకే చెక్ ఇంజిన్ లైట్ ఆరి వెలుగుతుంటే బండిని అలాగే తోలొద్దు.

ఎండకో నంబర్, చలికో నంబర్?

వేసవిలో కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. చలికాలంలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఏజెన్సీలో సింగిల్ డిజిట్‌కు పడిపోతుంది. దీంతో సీజన్‌ను బట్టి ‘హాట్ ప్లగ్’, ‘కోల్డ్ ప్లగ్’ మార్చాలేమో అన్న అనుమానం రావడం సహజం. కానీ ఆ అవసరం లేదు.

హాట్, కోల్డ్ అన్న మాటలకు బయటి వాతావరణంతో సంబంధం లేదు. ప్లగ్ తన వేడిని ఇంజిన్ హెడ్‌లోకి ఎంత తొందరగా వదులుతుందో చెప్పే లెక్క అది. దీన్నే హీట్ రేంజ్ అంటారు. ప్లగ్ కొన సుమారు 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకంటే తగ్గితే మసి పడుతుంది. మరీ పెరిగితే రవ్వ రాకముందే పెట్రోల్ అంటుకుంటుంది. అప్పుడు పిస్టన్ కరిగే ప్రమాదం కూడా ఉంది. సిలిండర్‌లో మంట వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. దాని ముందు బయట 35, 40 డిగ్రీల తేడా లెక్కలోకే రాదు. పైగా ఇంజిన్ వేడిని కూలెంట్, థర్మోస్టాట్ అదుపులో ఉంచుతాయి.

కాబట్టి కెరమెరి ఘాట్ ఎక్కే కారుకైనా, రాజీవ్ రహదారిపై పోయే కారుకైనా కంపెనీ చెప్పిన నంబరే కరెక్ట్. చలికి స్టార్ట్ కాకపోతే చూడాల్సింది అరిగిన ప్లగ్, బలం తగ్గిన బ్యాటరీ.

నంబర్‌తో జర జాగ్రత్త

ఇక్కడే చాలామంది బోల్తా పడేది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌లలో అంకె పెరిగితే కోల్డ్. బాష్‌లో అంకె పెరిగితే హాట్. ఉదాహరణకు ఎన్‌జీకే బీపీఆర్6ఈఎస్‌కు సమానమైనవి డెన్సోలో డబ్ల్యూ20ఈపీఆర్-యూ, బాష్‌లో డబ్ల్యూఆర్7డీసీ. 6, 20, 7.. అంకెలు వేరైనా హీట్ రేంజ్ ఒక్కటే. అందుకే కంపెనీ మారితే అంకె చూసి కాదు, సమాన నంబర్ల పట్టిక చూసి కొనాలి.

మర పొడవూ అంతే ముఖ్యం. ఎక్కువైతే పిస్టన్‌కు తగలొచ్చు. తక్కువైతే ఖాళీ మరల్లో మసి పేరుకుంటుంది. కోడ్‌లో ‘ఆర్’ అంటే రెసిస్టర్ ఉందని అర్థం. అది లేని ప్లగ్ వేస్తే రేడియోలో గరగర రావడమే కాదు, ఇంజిన్ కంప్యూటర్ కూడా గందరగోళ పడొచ్చు.

నికెలా.. ఇరిడియమా?

మామూలు నికెల్ ప్లగ్ చవక. దాదాపు 20 వేల నుంచి 40 వేల కిలోమీటర్లు వస్తుంది. ప్లాటినం, ఇరిడియం ఖరీదెక్కువ. చాలా కార్లలో లక్ష కిలోమీటర్ల దాకా వస్తాయి. ఇరిడియం వేస్తే మైలేజీ అమాంతం పెరుగుతుందన్న ఆశ వద్దు. అసలు లాభం ఎక్కువ కాలం రావడమే. అయితే కంపెనీ ఇరిడియం చెప్పిన బండికి నికెల్ వేస్తే మాత్రం తొందరగా అరిగి ఇబ్బంది పెడుతుంది. సీఎన్‌జీ బండ్లలో గ్యాస్‌ను మండించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. వాటి ప్లగ్‌లు ఇంకాస్త ముందే చెక్ చేయించాలి.

సెట్ మొత్తం ఒకేసారి మార్చాలి. సిలిండర్‌కు ఒకటి ఉంటుందనే లెక్క కూడా అన్నిసార్లూ కుదరదు. పాత హోండా సిటీ ఐ-డీఎస్‌ఐకి నాలుగు సిలిండర్లే.. ప్లగ్‌లు మాత్రం ఎనిమిది!

పాత ప్లగ్ పారేయొద్దు

తీసిన ప్లగ్‌ను ఓసారి చూడండి. లేత గోధుమ, బూడిద రంగులో ఉంటే ఇంజిన్ బాగున్నట్టే. పొడి నల్ల మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది, లేదా బండి ఊళ్లోనే కొద్దికొద్ది దూరం తిరుగుతోంది. నూనె తడి ఉంటే ఆయిల్ లీకవుతోంది. తెల్లగా పొంగులు కనిపిస్తే ఇంజిన్ అతిగా వేడెక్కుతోంది. ఈ మూడింట్లో ఏది ఉన్నా కొత్త ప్లగ్ ఒక్కటే వేస్తే సరిపోదు.. కారణం పట్టాల్సిందే.

బిగించేటప్పుడు..

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్ విప్పాలి. కొత్తది ముందు చేత్తో తిప్పాలి. ఆగాక, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌ను స్పానర్‌తో సగం నుంచి మూడింట రెండొంతుల చుట్టు తిప్పితే చాలు. బలమంతా పెడితే అల్యూమినియం హెడ్‌లో మరలు పోతాయి. ఇరిడియం కొన 0.4 నుంచి 0.7 మిల్లీమీటర్లే ఉంటుంది. గ్యాప్ సరిచేస్తామని దాన్ని గీకొద్దు, వంచొద్దు.

షాపుకు పోయే ముందు కారు మాన్యువల్‌లోని ప్లగ్ నంబర్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అదే నంబర్ అడగండి. బిల్లు తీసుకోవడం మరవొద్దు.