మెటల్ బ్యాండ్లలో ఎవరి ఆల్బమ్‌లు ఎక్కువ అమ్ముడయ్యాయి? లెక్క ఎలా చూడాలి?

హెవీ మెటల్ బ్యాండ్ల అమ్మకాలను పోల్చేటప్పుడు రెండు వేర్వేరు లెక్కలను కలిపేయడం మామూలే.

దుకాణాల లెక్క: అమెరికాలో కౌంటర్ దగ్గర స్కాన్ అయిన అమ్మకాలను సౌండ్‌స్కాన్ 1991లో నమోదు చేయడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన మెటాలికా 'బ్లాక్ ఆల్బమ్' ఇందులో 1.6 కోట్లు దాటింది. 1980లో వచ్చిన ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్' తొలి పదేళ్ల అమ్మకాలు ఈ లెక్కలో లేనే లేవు.

ప్లాటినం లెక్క: అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 10 లక్షల యూనిట్లకు ఒక ప్లాటినం ఇస్తుంది. 'బ్యాక్ ఇన్ బ్లాక్' 2019లో 25 ప్లాటినంలకు చేరింది. కొందరు ఈ బ్యాండ్‌ను మెటల్ అనరు, హార్డ్ రాక్ అంటారు. 2016 నుంచి 1,500 స్ట్రీమ్‌లను ఒక ఆల్బమ్‌గా లెక్కిస్తున్నారు.

అయితే ఆ స్ట్రీమ్‌లు అమెరికాలోవే. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక అండమాన్‌లో స్ట్రీమింగ్ సులువైంది. కానీ శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) అభిమాని ఎన్నిసార్లు విన్నా ఆ ప్లాటినంకు ఒక్క అంకె కూడా చేరదు.

అందుకే ఏ అంకె చూసినా ముందు అడగాల్సింది ఒక్కటే: ఏ దేశం, ఏ ఏడాది నుంచి, ఏ పద్ధతిలో లెక్కించారు?