నాన్నగారి శషసలు

1902లో గ్రామఫోను కంపెనీ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి మన గానాన్ని ముద్రించుకొని వెళ్ళిన నాటినుండి, ఎవరి గొంతు నిలవాలో నిర్ణయించినవారు వ్యాపారులే. 78 భ్రమణాల రికార్డులో ఒక ప్రక్కకు పట్టేది సుమారు మూడు నిమిషాలు. నాటక పద్యానికి ఎంత దీర్ఘమైన రాగమున్నా ఆ గాడిలోనే ఒదగాలి.

1963లో ఫిలిప్స్ వారు బెర్లిన్‌లో ప్రదర్శించిన కాసెట్టు ఈ పెత్తనాన్ని సడలించింది. నిజానికది సంగీతానికి కాక, మాటలు నమోదు చేసుకొనేందుకు పుట్టిన వస్తువు. 90 నిమిషాల టేపు వచ్చాక ఒక్కొక్క ప్రక్క 45 నిమిషాలు! బోయిన్‌పల్లిలో మా నాన్నగారు చదివిన భారత పద్యాలు అలాగే నిలిచాయి. వెనుక నాగపూర్ రోడ్డు లారీల హోరు కూడా నిలిచిందనుకోండి.

అయితే టేపు శాశ్వతం కాదు. చుట్టలో ఒక పొర అయస్కాంతత్వం ప్రక్క పొరకు అంటుకొని, పద్యం ఎత్తుకోకముందే దాని నీడ సన్నగా వినవస్తుంది. అందుకే కంప్యూటరుకు ఎక్కించాను. 2000లో విడుదలైన ఆడాసిటీ ఉచితం. టేప్‌రికార్డరు ఇయర్‌ఫోను రంధ్రం నుండి కంప్యూటరు లైన్‌-ఇన్‌కు ఒక తీగ చాలు. మాటలేని చోట రెండు మూడు సెకన్ల రొదను నమూనాగా చూపితే, అటువంటి రొదనంతా అది తగ్గిస్తుంది.

చిక్కు ఇక్కడే. టేపు రొద ఉండే హెచ్చు పౌనఃపున్యాలలోనే శషసలూ ఉంటాయి. అత్యాశకు పోయి మోతాదు పెంచాను. జీవితమంతా పిల్లలకు శకార షకార భేదం నేర్పిన నాన్నగారి నోట ఆ రెండూ ఒకటైపోయాయి! ఆ ఫైలును చెరిపివేసి, రొదతోనే మరొకటి భద్రపరచుకొన్నాను, లారీలతో సహా.