ఎరిక్ ముసంబానీ

ఎరిక్ ముసంబానీ మలోంగా (జననం: 1978 మే 31, మలాబో) ఈక్వటోరియల్ గినీ ఈతగాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్‌లో ఒంటరిగా ఈది గెలిచాడు. పత్రికలు అతనికి 'ఎరిక్ ద ఈల్' అని పేరుపెట్టాయి. ఈల్ అంటే మన మలుగు చేప. పేరులో కాస్త ఎగతాళి లేకపోలేదు.

ఈక్వటోరియల్ గినీ 1968లో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం పొందిన చిన్న ఆఫ్రికా దేశం. అప్పటి రాజధాని మలాబో బయోకో ద్వీపంలో ఉంది. చుట్టూ సముద్రమే, కానీ అప్పట్లో పోటీకి పనికొచ్చే 50 మీటర్ల కొలను లేదు. అలల్లో ఈదడం వేరు, గోడ తన్ని మలుపు తిరిగి లేన్‌లో ఈదడం వేరు. ముసంబానీ సాధన మొదలుపెట్టింది ఒలింపిక్స్‌కు ఎనిమిది నెలల ముందే. ఒక హోటల్లోని సుమారు 13 మీటర్ల కొలనులో, అదీ తెల్లవారుజామున. కాళ్లు ఎలా ఆడించాలో జాలర్లు చెప్పారట.

అర్హత టైమింగ్ లేకుండా అతను సిడ్నీ చేరడం పొరపాటు కాదు. ఈతగాళ్లు తక్కువున్న దేశాలకూ చోటు దక్కాలని పెట్టిన నిబంధన ప్రకారమే వెళ్లాడు. ఆ ఏర్పాటు నేటికీ కొనసాగుతోంది.

సెప్టెంబర్ 19న అతని హీట్‌లో ఉన్నది ముగ్గురే. నైజర్‌కు చెందిన కరీమ్ బారె, తజికిస్తాన్‌కు చెందిన ఫర్ఖోద్ ఒరిపోవ్ సంకేతానికి ముందే దూకి అనర్హులయ్యారు. మిగిలింది ముసంబానీ ఒక్కడే. అంతకుముందు అతను ఎన్నడూ 100 మీటర్లు ఏకబిగిన ఈదలేదు. మొదటి 50 మీటర్లు ఓ మాదిరిగా సాగాయి. మలుపు తిరిగాక చేతులు బరువెక్కాయి, కాళ్లు కిందికి జారాయి. చివరి మీటర్లలో మునిగిపోతాడేమోనని చూసేవాళ్లు హడలిపోయారు. మొదట నవ్విన గ్యాలరీలే చివరికి చప్పట్లతో అతన్ని గోడ దాకా తెచ్చాయి. సమయం: 1 నిమిషం 52.72 సెకన్లు.

అదే రోజు సెమీఫైనల్లో నెదర్లాండ్స్ ఈతగాడు పీటర్ వాన్ డెన్ హోగెన్‌బాండ్ ఆ దూరాన్ని 47.84 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ముందురోజు ఇతనే 200 మీటర్ల స్వర్ణాన్ని 1 నిమిషం 45.35 సెకన్లలో గెలిచాడు. అంటే ముసంబానీ కన్నా రెట్టింపు దూరం, ఏడు సెకన్లు తక్కువ. అయినా ముసంబానీ టైమింగ్ అప్పటికి అతని దేశానికి జాతీయ రికార్డే. అతని దేశానికే చెందిన పౌలా బరీలా బొలోపా 50 మీటర్లకు 1 నిమిషం 3.97 సెకన్లు తీసుకుంది. ఆమె పేరు మాత్రం అంతగా ఎవరికీ గుర్తులేదు.

ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేసి నవ్వుకుంటారు. అది అన్యాయం. ముసంబానీ సాధన మానలేదు. తరువాతి ఏళ్లలో 100 మీటర్లను 57 సెకన్లలోపే ఈదాడు. అంటే తన సమయాన్ని దాదాపు సగానికి తగ్గించాడు. వీసా చిక్కుల వల్ల 2004 ఏథెన్స్‌కు వెళ్లలేకపోయాడు.

2012లో అతన్ని ఈక్వటోరియల్ గినీ జాతీయ ఈత జట్టుకు కోచ్‌గా నియమించారు. అప్పటికి ఆ దేశంలో 50 మీటర్ల కొలనులు రెండు వచ్చాయి: ఒకటి మలాబోలో, మరొకటి బాటాలో.