మోటారు మెకానిక్ అప్రెంటిస్‌షిప్ (భారతదేశం)

మోటారు వాహనాల సర్వీసు, మరమ్మతు పనిని అనుభవజ్ఞుడి చేతికింద ఉండి, పని చేస్తూనే నేర్చుకోవడాన్ని మెకానిక్ అప్రెంటిస్‌షిప్ అంటారు. ఈ పని నేర్చుకోవడానికి భారతదేశంలో రెండు దారులు ఏర్పడ్డాయి. మొదటిది మెకానిక్ షెడ్డు. అక్కడ ఒప్పంద పత్రం ఉండదు, గడువూ ఉండదు. రెండోది పారిశ్రామిక శిక్షణ సంస్థ (ఐటీఐ), దాని తర్వాత కంపెనీలోనో బస్సు డిపోలోనో ఒప్పందం మీద సాగే శిక్షణ. దేశంలో బళ్లను ఆగకుండా నడిపిస్తూ వచ్చినవాళ్లలో ఎందరో షెడ్డులోనే పని నేర్చుకున్నారు. చట్టాలు మాత్రం చాలాకాలం రెండో దారినే పట్టించుకున్నాయి. ఈ వృత్తి శిక్షణ చరిత్రలో పెద్ద లోపం ఇదే.

పని నేర్చుకునేవారి గురించి బ్రిటిష్ ఇండియాలో మోటారు కారు రాకముందే ఒక చట్టం ఉంది. 1850లో వచ్చిన ఆ అప్రెంటిస్‌ల చట్టం ముఖ్యంగా అనాథలను, పేద పిల్లలను ఉద్దేశించింది. పదేళ్లు దాటి పద్దెనిమిదేళ్లలోపు ఉన్న పిల్లల్ని గరిష్ఠంగా ఏడేళ్లపాటు ఒక యజమాని దగ్గర పనికి కుదర్చడానికి అది వీలు కల్పించింది. 19వ శతాబ్దం చివర్లో తొలి కార్లు దేశంలో దిగాయి. 1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో విడిభాగాలు తెచ్చి బిగించే కర్మాగారం పెట్టింది. హైదరాబాద్ సంస్థానంలో నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలకు మూలం అదే. బస్సులు రోజూ తిరగాలంటే డిపోలో మెకానిక్కులు ఉండితీరాలి. ఐటీఐ చదివినవాళ్లకు డిపో గ్యారేజీలు ఈనాటికీ అప్రెంటిస్ శిక్షణ ఇస్తున్నాయి.

ప్రభుత్వం పెద్దఎత్తున శిక్షణకు దిగింది రెండో ప్రపంచయుద్ధం వల్ల. సైన్యానికి మెకానిక్కులు, ఫిట్టర్లు కావలసివచ్చి 1940లో యుద్ధ సాంకేతిక శిక్షణ పథకం పెట్టారు. యుద్ధం ముగిశాక ఇంటికి తిరిగొచ్చిన సైనికులకు, దేశ విభజనతో నిలువనీడ కోల్పోయి వచ్చినవాళ్లకు బతుకుతెరువు చూపడానికి శిక్షణ కేంద్రాలు ఉపయోగపడ్డాయి. ఆ అనుభవంతోనే 1950లో కేంద్రం వృత్తి శిక్షణ పథకాన్ని మొదలుపెట్టింది. ఐటీఐలన్నీ దానికిందకే వస్తాయి. వాటి పాలన 1956లో, ఆర్థిక బాధ్యత 1969లో రాష్ట్రాలకు మారాయి.

ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్లు. చేరగానే ఇంజను విప్పనివ్వరు. ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో చదును చేయడం, మూలమట్టంతో సరిచూడటం, వెర్నియర్‌తో కొలవడం ముందుగా వస్తాయి. ఇది చాలామంది కుర్రాళ్లకు విసుగు పుట్టించే దశ. అయినా పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఖాళీ ఎంత ఉండాలో పుస్తకంలో చదవడం వేరు, దాన్ని చేత్తో కొలిచి చెప్పడం వేరు. ఆ తేడా తెలిసేది ఇక్కడే.

1961 అప్రెంటిస్‌ల చట్టం 1962 మార్చి 1న అమల్లోకి వచ్చి, 1850 నాటి చట్టాన్ని తొలగించింది. దీని ప్రకారం పద్నాలుగేళ్లు నిండినవాళ్లు చేరవచ్చు. యజమానితో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, మైనరు తరఫున సంరక్షకుడు సంతకం చేయాలి. ప్రతినెలా భత్యం ఇవ్వాలి. గడువు ముగిశాక అఖిల భారత పరీక్ష రాసి నెగ్గినవాళ్లకు జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. అప్రెంటిస్ కార్మికుడు కాడని, శిక్షణార్థి అని చట్టం స్పష్టంగా చెప్పింది. అలాగని గాలికి వదిలేయలేదు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం, కర్మాగారంలో భద్రతా నియమాలు అతనికీ వర్తిస్తాయి.

ఇవేవీ షెడ్డు దాకా రాలేదు. విజయవాడ ఆటోనగర్‌లోనూ హైదరాబాద్ గల్లీల్లోనూ చదువు మానేసిన కుర్రాడు నేరుగా మేస్త్రీ దగ్గర చేరేవాడు. హైదరాబాద్‌లో అయితే ఉస్తాద్ అంటారు. మొదట్లో షెడ్డు ఊడ్వడం, టీలు తేవడం, విప్పిన సామాన్లను కిరోసిన్‌లో కడగడం అతని పనులు. ఆ కడగడంలోనే ఏ బోల్టు ఎక్కడిదో కళ్లకు అలవాటవుతుంది. ఉస్తాద్ బండి కింద పడుకుని చెయ్యి చాపితే పన్నెండు-పదమూడు పానా కావాలో, పద్నాలుగు-పదిహేను కావాలో అడగకుండానే అందించగలిగిన రోజున కుర్రాడికి పని పట్టుబడుతున్నట్టు లెక్క. తర్వాత ఆయిలు మార్చడం, బ్రేకు షూలు, క్లచ్ ప్లేట్లు. బోరుకొచ్చిన, అంటే సిలిండర్ అరిగిన ఇంజను విప్పేది అన్నిటికన్నా చివర.

పాఠాలన్నీ కంటితో, చెవితో, వేలికొసలతో నడిచేవి. విప్పిన స్పార్క్ ప్లగ్గు కొన లేత గోధుమరంగులో ఉంటే పెట్రోలు, గాలి పాళ్లు సరిపోయినట్టు. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ. ట్యాపెట్ సెట్ చేసేటప్పుడు వాల్వు కొసకూ రాకర్‌కూ మధ్య ఫీలర్ గేజి రేకు దూర్చి లాగుతారు. రేకు సులువుగా జారకూడదు, ఇరుక్కుపోకూడదు, వేళ్లకు కొద్దిగా పట్టు తగలాలి. ఆ పట్టు ఎంతో మాటల్లో చెప్పలేక ఉస్తాద్ కుర్రాడి చేతికి రేకు ఇచ్చి లాగిస్తాడు.

ఈ పద్ధతి అన్నేళ్లు నిలవడానికి ఆనాటి బళ్లూ కారణమే. అంబాసిడర్, ఫియట్ కార్లు దశాబ్దాలపాటు పెద్దగా మారలేదు. ఒకసారి నేర్చుకున్న పని జీవితాంతం కూడు పెట్టింది. అయితే ఈ చదువుకు పిల్లలు చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. బడికి పోవలసిన వయసులో జీతం లేకుండానో, టీ డబ్బులకో ఏళ్ల తరబడి పని చేశారు. బాలకార్మిక చట్టం ఆటోమొబైల్ గ్యారేజీలను ప్రమాదకర పనుల జాబితాలో చేర్చింది. 2016 సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని దాదాపు ఏ పనిలోనూ పెట్టకూడదని, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను ప్రమాదకర పనుల్లో పెట్టకూడదని చెప్పింది. ఇది జరగవలసిన పనే. ఆలస్యంగా జరిగిందన్నదే బాధ.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కంపెనీ సర్వీసు సెంటర్లు పెరిగాయి. 2000 తర్వాత కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ కార్లలో కార్బురేటర్ పోయి, కంప్యూటర్ అదుపులో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ స్థిరపడింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణం అమలైంది. ఇప్పుడు బండి రాగానే ముందు స్కానర్ తగిలించి లోపాల కోడ్ చదవాలి. అయితే కోడ్ సెన్సర్ పేరు చూపించినంత మాత్రాన చెడింది సెన్సరే కానక్కర్లేదు. వైరు తెగి ఉండవచ్చు, కనెక్టర్‌లో తుప్పు పట్టి ఉండవచ్చు. మల్టీమీటర్ పట్టుకుని అది తేల్చడమే నేటి అప్రెంటిస్ నేర్చుకోవలసిన అసలు విద్య. విద్యుత్ వాహనాలతో ప్రమాదం కూడా తోడైంది. నారింజరంగు కేబుళ్లలో ప్రవహించే హైవోల్టేజి కరెంటు ప్రాణం తీయగలదు. చేసి చూసి నేర్చుకుందామంటే కుదరదు. ఐటీఐల్లో దీనికి వేరే ట్రేడు మొదలైంది.

షెడ్డులో నేర్చిన పనికి గుర్తింపు ఇటీవలే దొరకసాగింది. 2013లో జాతీయ నైపుణ్య అర్హతల చట్రం వచ్చింది. ఆటోమోటివ్ నైపుణ్యాభివృద్ధి మండలి సర్వీస్ టెక్నీషియన్ ఉద్యోగానికి స్థాయిలవారీగా ప్రమాణాలు రాసింది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద, బడిలో కాక పనిలో నేర్చుకున్నవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు జరిగింది. 2016 నాటి జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం భత్యంలో నాలుగోవంతును, నెలకు రూ.1,500 మించకుండా, కేంద్రం భరించేలా చేసింది. 2019 నియమాలు కనీస భత్యాన్ని విద్యార్హతను బట్టి రూ.5,000 నుంచి రూ.9,000 వరకు నిర్ణయించాయి. ముప్పై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి ఇరవైతొమ్మిది మంది వరకు ఉన్నచోట అది యజమాని ఇష్టం. ఒక ఉస్తాద్, ఇద్దరు హెల్పర్లు ఉండే షెడ్డు ఆ నియమాల పరిధిలోకి రాలేదు.