గెలుపును తిరిగి ఇచ్చిన విశ్వవిద్యాలయం

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నుంచి పైచదువులకు అమెరికా చేరే విద్యార్థులు అక్కడ ఫుట్‌బాల్ అన్న పేరుతో చూసేది ప్రధానంగా కాలితో తన్నే ఆట కాదు; కోలగా ఉండే బంతిని చేతబట్టి, ఎదుటి జట్టు అడ్డును ఛేదించుకుంటూ ముందుకు సాగే ఆట. 1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల నడుమ జరిగిన పోటీ నేటి సాకర్‌కే దగ్గరగా ఉన్నా, చరిత్రకారులు దానినే కళాశాల ఫుట్‌బాల్‌కు ఆరంభంగా లెక్కిస్తారు. ఆట క్రమంగా మొరటుదేరి యువకుల ప్రాణాలు తీయసాగడంతో, 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడగా, మరుసటి ఏడాది నిబంధనలు మారాయి.

మిషిగన్ విశ్వవిద్యాలయ క్రీడాంగణంలో 1,07,601 మందికి చోటుంది. ఉదయగిరి, ఆత్మకూరు పట్టణాల జనమంతా తరలివెళ్లినా అది నిండదు. నెబ్రాస్కా వంటి రాష్ట్రాల్లో వృత్తి క్రీడాకారుల పెద్ద జట్లు లేనందున విశ్వవిద్యాలయ జట్టే ఊరి జట్టు, రాష్ట్రపు జట్టు; అందుకే చదువు ముగించి దశాబ్దాలు గడిచినవారు కూడా ఆట జరిగే శనివారం నాటికి జట్టు రంగు దుస్తులతో క్రీడాంగణానికి చేరుతారు. మైదానం వీడుతున్న ప్రత్యర్థి జట్టుకు చప్పట్లు కొట్టడం నెబ్రాస్కా ప్రేక్షకుల ఆనవాయితీ. ఇదే అభిమానం విషంగా మారిన సందర్భమూ ఉంది: 2010లో ఆబర్న్ విశ్వవిద్యాలయ జట్టు చేతిలో అలబామా విశ్వవిద్యాలయ జట్టు ఓడిన తరువాత, ఆబర్న్‌వారు విజయోత్సవాలు జరుపుకొనే రెండు ఓక్ చెట్లకు అలబామా అభిమాని ఒకడు విషం పెట్టగా, అవి కోలుకోలేక 2013లో నరికివేతకు గురయ్యాయి.

క్రీడాధర్మానికి అసలు పరీక్ష 1940 నవంబరు 16న డార్ట్‌మత్, కార్నెల్ విద్యాసంస్థల జట్ల నడుమ జరిగిన పోటీలో ఎదురైంది. పది గజాలు ముందుకు సాగడానికి జట్టుకు నాలుగు ప్రయత్నాలుంటాయి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. డార్ట్‌మత్ 3–0 ఆధిక్యంలో ఉండగా, రిఫరీ లెక్క తప్పి కార్నెల్‌కు ఐదో ప్రయత్నం ఇచ్చాడు. చివరి క్షణాల్లో దానితోనే కార్నెల్ 7–3తో నెగ్గింది. తీసిన ఫిల్ము చూశాక పొరపాటు బయటపడింది. పద్దెనిమిది ఆటలుగా ఓటమి ఎరుగని కార్నెల్, ఏ నిబంధనా బలవంతం చేయకపోయినా, టెలిగ్రాం పంపి గెలుపును వదులుకుంది. విశ్వవిద్యాలయమే ముందు నిలిచి న్యాయం ఒప్పుకుంటే అభిమానులకు కూడా ఓటమిని గౌరవంగా స్వీకరించే దారి దొరుకుతుంది.

దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 1990 అక్టోబరు 6న మిస్సోరీపై కొలరాడో కూడా అలాగే పొరపాటున దక్కిన ఐదో ప్రయత్నంతో 33–31 స్కోరుతో గెలిచింది. ఫలితాన్ని వదులుకోవడానికి శిక్షకుడు బిల్ మెకార్ట్నీ నిరాకరించగా, ఆ ఏడాది జాతీయ విజేత హోదాను కొలరాడో జార్జియా టెక్‌తో పంచుకుంది. క్రీడాధర్మం కొలతతో చూస్తే ఆ జాతీయ హోదా కంటే కార్నెల్ ఒప్పుకున్న 0–3 ఓటమే గొప్పది.